దూరపు కొండలు – చేరువ చెరువులు

"దూరపు కొండలు నునుపు" అని మనవారు ఒక సామెత చెబుతారు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని మరొక సామెత. దూరాన ఉన్నదాని గరుకుతనం మనకు తెలియదని మొదటిది అంటుంది. దగ్గర ఉన్నదాని గుణం మనకు పట్టదని రెండవది అంటుంది. మనిషి చూపులో ఉన్న ఒకే దోషాన్ని ఈ రెండు సామెతలూ చెరొక వైపు నుండి పట్టి చూపుతున్నాయి. ప్రకృతి విషయంలో చదువుకున్నవారికి ఈ దోషం మరికొంత ఎక్కువగా ఉన్నదని మా అనుభవం.

ఒకనాడు తరగతిలో "మీరు అడవిని చూచినారా?" అని విద్యార్థులను అడిగినాము. కొందరు అరకులోయ అన్నారు. కొందరు నల్లమల అన్నారు. ఆఫ్రికా సింహాలను టెలివిజన్‌లో చూచినామని ఇంకొందరు చెప్పినారు. తమ ఊరి చెరువు గట్టు మీది తుమ్మచెట్లను గాని, ఏటి ఒడ్డున ఉన్న రెల్లుదుబ్బులను గాని ఒక్కరూ పేర్కొనలేదు. మనిషి దున్నకుండా, నాటకుండా, నీరు కట్టకుండా తనంతట తాను బ్రతుకుతున్నదంతా వన్యమే. అది పులి తిరిగే చోటనే ఉండవలెనన్న నియమం ఏదీ లేదు. ఇంటి నుండి నడచి పోగలిగినంత దూరంలో ఉన్న ఈ చిన్న వన్యసీమను గురించి ఈ వ్యాసంలో కొంత విచారిస్తాము. దానిని తెలుసుకొనడానికి పెద్దలు మనకిచ్చిన రెండు సాధనాలు నడక, గాలం. దానిని నిలుపుకొనడం మన వంతు.

మన కొండలు, మన నీళ్లు

చోడవరం నుండి వాయవ్య దిశగా చూస్తే మాడుగుల కొండలు నీలంగా కనబడతాయి. అవి తూర్పు కనుమలలో భాగం. ఆ కొండలపై కురిసిన వాన శారదానదిగా, బొడ్డేరుగా, పెద్దేరుగా, తాచేరుగా పల్లానికి దిగి, మన చెరకు తోటలను, వరిమళ్లను తడుపుకొంటూ బంగాళాఖాతం వైపు సాగిపోతున్నది. శారదపై దేవరాపల్లి ప్రాంతంలో రైవాడ జలాశయం, బొడ్డేరుపై చీడికాడ మండలంలో కోనాం జలాశయం నిర్మించినారు. రైవాడ నీరు విశాఖపట్నం నగరానికి దాహం కూడా తీరుస్తున్నది. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా హద్దులు మారినవి గాని, కొండకూ ఏటికీ చెరువుకూ ఉన్న బంధుత్వం మారలేదు.

ఈ బంధుత్వంలో చెరువు స్థానాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గ్రహించవలసి ఉన్నది. గట్టు వైపు చెరువు లోతుగా ఉంటుంది. అక్కడ తూము, అలుగు ఉంటాయి. ఎగువ వైపు నేల క్రమంగా మెరక అవుతుంది. వానాకాలంలో అక్కడ మోకాటి లోతు నీరు నిలుస్తుంది, తుంగ, జమ్ము పెరుగుతాయి. వేసవిలో అదే చోటు బీటలు వారి, పశువులు మేసే బీడుగా కనబడుతుంది. చేపలు గుడ్లు పెట్టేది, కప్పలు పుట్టేది, కొంగలు మేత వెదకేది ఎక్కువగా ఈ మెరక భాగంలోనే. సూర్యరశ్మి అడుగుదాకా పోయే పలుచని నీటిలోనే నాచు, పురుగు, చేపపిల్ల ఒకదానిపై ఒకటి ఆధారపడి వృద్ధి పొందుతాయి. కాని ఎండాకాలంలో వచ్చి చూచినవానికి అది ఖాళీ జాగా. అందుచేతనే ఆక్రమణ ఎప్పుడూ అక్కడనే మొదలవుతుంది. చెరువు ప్రాణం ఉన్న చోటే చెరువు కానట్లు కనబడడం దాని దురదృష్టం. ఏడాదిలో ఒక్కసారి చూచిన వానికి ఈ సంగతి తెలియదు. పన్నెండు నెలలూ దాని పక్కన నడచిన వానికే తెలుస్తుంది.

నడక

తెలుగు విద్యార్థులకు పరిచితమైన అష్టాదశ వర్ణనలలో శైలం ఉన్నది, సముద్రం ఉన్నది, ఉద్యానం ఉన్నది, ఋతువులున్నవి. ఊరి చెరువుకు ఆ పట్టికలో ప్రత్యేక స్థానం లేదు. అయినా మన గొప్ప కవులు దానిని మరువలేదు. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరు పొలాల దృశ్యం ఒకటి వస్తుంది. పంటకాలువలలో బాతులు తలలను రెక్కలలో దాచుకొని నిద్రిస్తుంటాయి. అవి స్నానానికి వచ్చిన విప్రులు పిండి ఉంచి మరచిపోయిన వస్త్రాలని కావలివాండ్రు భ్రమిస్తారు. యజమానులకు అప్పగింతమని కాలువలోనికి దిగుతారు. బాతులు లేచిపోతాయి, పొలాన్ని కాచే పడుచులు నవ్వుతారు. సామ్రాజ్యాన్ని ఏలిన ప్రభువు తెల్లవారుజామున పొలంగట్టున నిలిచి చూచి ఉండకపోతే ఈ పద్యం పుట్టదని మా విశ్వాసం. నిద్రించే బాతు ఎట్లా ఉంటుందో నిఘంటువు చెప్పదు.

ఇంగ్లండులోని సెల్బోర్న్ అనే చిన్న గ్రామంలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడుండేవాడు. ఆయన తన ఊరి చుట్టుపక్కలనే సంవత్సరాల తరబడి నడచి, చూచినది చూచినట్లు వ్రాసి పెట్టుకొన్నాడు. 1789లో వెలువడిన ఆయన గ్రంథం నేటికీ చదువబడుతున్నది. చూపుకు ఒకే తీరుగా ఉన్న మూడు చిన్న పిట్టలను వాటి పాటలను బట్టి మూడు వేర్వేరు జాతులని ఆయన గుర్తించినాడు. అందుకు ఆయన వాడిన పరికరాలు రెండు పాదాలు, రెండు చెవులు. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1845 నుండి 1847 వరకు వాల్డెన్ అనే మడుగు ఒడ్డున నివసించినాడు. ఆ మడుగుకు అడుగు లేదని జనం నమ్మేవారు. థోరో తాడుకు రాయి కట్టి కొలిచి, దాని గరిష్ఠ లోతు 102 అడుగులని తేల్చినాడు. మన ఊళ్లలోనూ అడుగు లేని బావులు, అంతులేని మడుగులు ఉన్నవని చెప్పుకొంటారు. ఎవరూ తాడు కట్టి కొలిచి చూడలేదు.

మన దారిలోనే రెండు ఉదాహరణలు చెబుతాము. తీతువుపిట్ట కూత అపశకునమని మనలో అనేకుల భయం. వేసవిలో ఏటి ఇసుక దిబ్బల పక్కగా నడచి చూడండి. ఆ పిట్ట గూడు కట్టదు. గులకరాళ్ల నడుమ నేలపైనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు రాళ్లలో రాళ్లుగా కలిసిపోయి ఉంటాయి. మన అడుగు ఎక్కడ వాటిపై పడుతుందోనని తల్లిపిట్ట తలపై తిరుగుతూ అరుస్తుంది. మనం దానిని చూచి అపశకునమని వెనుదిరుగుతున్నాము. నిజానికి ఆ ఉదయం అపశకునం ఎదురైనది ఆ పిట్టకే.

రెండవది హుద్‌హుద్. ఆ పేరు వినగానే మన ప్రాంతపువారికి 2014 అక్టోబరు 12వ తేదీనాటి పెనుగాలి గుర్తుకు వస్తుంది. ఆ తుపానుకు ఆ పేరును ఒమన్ దేశం సూచించినది. హుద్‌హుద్ అనేది ఒక పక్షి. సులైమాన్ ప్రవక్తకు వార్త తెచ్చిన పక్షిగా ఖుర్ఆన్‌లో దాని ప్రసక్తి ఉన్నది. ఉర్దూ విద్యార్థులందరికీ ఆ పేరు తెలుసు. కాని తలపై విసనకర్రవంటి కుచ్చు, గోధుమవర్ణపు మెడ, నలుపు తెలుపు చారల రెక్కలు, వంగిన పొడవైన ముక్కుగల ఆ పక్షి మన పొలిమేరలలోని పచ్చికబీళ్లపై పురుగులను ఏరుకొంటూ తిరుగుతున్నదని ఎందరికి తెలుసు? కథలోని పక్షి మనకు తెలుసు, తుపాను తెలుసు. ఎదుట నడిచే పక్షి తెలియదు.

మనదేశంలో పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు అయిన సలీం అలీ 1896లో బొంబాయిలో జన్మించినారు. బాల్యంలో తుపాకితో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీది పసుపు మచ్చ ఆయనను ఆశ్చర్యపరచినది. అదేమి పిట్టయో తెలుసుకొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తలుపు తట్టినారు. ఆ ప్రశ్నయే ఆయన జీవితమార్గమైనది. 1900 తరువాత కనబడక అంతరించినదనుకొన్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో తిరిగి దొరికినది. ఆ శోధన ఆయన సంఘానిదే. అయితే దానిని మొదట చేత పట్టినవాడు ఒక స్థానిక వేటగాడు. పండితులు ఎనిమిది దశాబ్దాలకు పైగా కోల్పోయిన పక్షి జాడ ఆ పొదల నడుమ నడిచేవానికి తెలిసి ఉన్నది. ఇందులో చదువుకున్నవారికి ఒక గుణపాఠం ఉన్నది.

గాలం

నడక కళ్లకు నేర్పుతుంది, గాలం ఓపికకు నేర్పుతుంది. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 1653లో గాలపువేటపై ప్రకటించిన గ్రంథం శతాబ్దాలుగా పునర్ముద్రణలు పొందుతున్నది. చేపల వేటతోపాటు ఏటి ఒడ్డున నెమ్మదిగా కాలం గడపడం ఎట్లాగో ఆయన అందులో బోధించినాడు. మనకు ఆ విద్య పుస్తకంలో రాలేదు, పెద్దల వెంట వచ్చినది.

మాకు గాలం పట్టించినవారు మా మాతామహులు. మా ఇండ్లలో ఆయనను "నానా" అని పిలుస్తాము. వెదురుకర్ర, జీలుగబెండు, తడిమట్టిలో చుట్టిన వానపాములు ఆయన సరంజామా. బెండు వణికితే పరిగె, ఒరిగితే జెల్ల, ఒక్కసారిగా మునిగితే కొరమేను అని ఆయన లెక్క. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా సరే, వుజూలో చెంబెడు నీరు ఎక్కువ వాడడానికి ఆయన ఒప్పుకొనేవారు కారు.

ఒక తొలకరినాడు ఆయన ఇంట లేని సమయంలో మేము, మా మేనమామ కొడుకు కలిసి చెరువుకు పోయినాము. జమ్ము పక్కన నీటిపై ఎర్రని మరకవంటిది కదులుతున్నది. అది కొరమేను పిల్లల గుంపు. దాని అడుగున పెద్దచేప ఉంటుందని మాకు తెలుసు. చిరుకప్పను గాలానికి గుచ్చి ఆ గుంపు నడుమ జారవిడిచినాము. పిల్లల మీదికి వచ్చిన శత్రువనుకొని పెద్దచేప దానిని అందుకొన్నది. మోచేతి పొడవు చేపను గర్వంగా ఇంటికి మోసుకొని వచ్చినాము.

నానా దానిని చూచి, "పిల్లలెక్కడ?" అని ఒక్కమాట అడిగినారు. చెరువులోనే ఉన్నవన్నాము. ఆయన చెప్పులు తొడిగి మమ్మల్ని వెంటబెట్టుకొని మరల గట్టుకు పోయినారు. ఎర్రని గుంపు చెదిరిపోయి ఉన్నది. నీటికాకి ఒకటి మునిగి లేస్తున్నది, అడుగు నుండి జెల్లలు ఎగబడుతున్నవి. మగ్రిబ్ వేళదాకా ఆయన అక్కడనే నిలిచినారు. "బేటా, నీవు పట్టుకొచ్చినది ఈ చెరువు కాపలాదారునిరా" అన్నారు. ఆ రాత్రి ఆ చేప వండినారు. వండినదానిని పారవేయడం మరొక తప్పని ఆయన అందరితోపాటు తిన్నారు. మాకు మాత్రం ముద్ద దిగలేదు.

తరువాత చదువులో తెలిసినది, ఆయన మాట శాస్త్రానికి సరిపోతుందని. కొరమేను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనే చేప. అందుచేత అది బురద మిగిలిన మడుగులో కూడా చాలాకాలం బ్రతుకగలదు. తల్లి తండ్రి రెండూ గుడ్లను, పిల్లలను కాచుకొంటాయి. ఇంతటి గట్టిప్రాణికి కూడా ఒక బలహీనమైన ఘడియ ఉన్నది, అది పిల్లలను కాచే ఘడియ. ఇతర చేపలకు అటువంటి ఘడియ తొలి వరదలో వస్తుంది. కొత్తనీటి వాసనకు అవి గుడ్లతో నిండిన పొట్టలతో కాలువలకు, మళ్లకు ఎదురెక్కుతాయి. ఆ వారంలో బుట్టెడు పట్టినవాడు వచ్చే ఏటి బండెడు చేపలను పోగొట్టుకొన్నట్లే. తూర్పుతీర సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధించడంలోని సూత్రం ఇదే. సముద్రానికి ప్రభుత్వం విధించిన విరామాన్ని ఊరి చెరువుకు మనమే విధించుకొనవలసి ఉన్నది.

కాబట్టి గాలం పట్టే విద్యార్థికి మా సూచనలు కొన్ని. చెరువులో చేపల హక్కు సాధారణంగా పంచాయతీదో మత్స్యకారుల సహకార సంఘానిదో అయి ఉంటుంది. ముందుగా వారి అనుమతి పొందండి. పిల్లలను కాచే చేప జోలికి పోవద్దు. చిన్నచేపను తడిచేతితో పట్టి నీటిలో విడువండి. తినగలిగినంతకు మించి తేవద్దు. విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897నాటి చేపల చట్టం ప్రకారమే నేరాలు. అటువంటివానిని చూచి మౌనంగా ఉండడం వేటగాని మర్యాద కాదు.

నష్టం, రక్షణ

ఆ చెరువు సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. చదువు కోసం, ఉద్యోగం కోసం మేము కొన్ని సంవత్సరాలు దాని వైపు పోలేదు. తిరిగి పోయిననాటికి ఎగువ మెరక భాగంలో హద్దురాళ్లు పాతి ఇండ్ల స్థలాలు వేసి ఉన్నవి. గట్టు ఉన్నది, అలుగు ఉన్నది, అలుగు పారడానికి నీరు లేదు. ఎవరిని నిందించవలెనో వెదుకగా, మొదటి రాయి పాతిననాడు మేము ఆ గట్టుపై లేమన్న మాట ముందుగా తోచినది. నానా తరంలో ప్రతి సాయంత్రం అక్కడ పదిమంది కూర్చొనేవారు. పదిమంది చూస్తుండగా చెరువును పూడ్చడం ఎవరికైనా కష్టం.

ఏటి సంగతి వేరుగా లేదు. ఇసుక నీటిని స్పంజువలె పట్టి ఉంచి, వేసవిలో పక్క బావులకు కొద్దికొద్దిగా అందిస్తుంది. హద్దు మీరి దానిని తవ్వితే నీటిమట్టం దిగిపోతుంది, తీతువుకు గుడ్లు పెట్టే చోటు పోతుంది. పరాయి జాతులు మరొక బాధ. మనదేశానికి 1952లో తెచ్చిన తిలాపియా వంటి చేప త్వరగా పిల్లలను పెట్టి నాటుచేపల మేతను ఆక్రమిస్తుంది. నీటిపై గుర్రపుడెక్క, గట్లపై లొట్టపీసు వ్యాపించి వెలుతురును, జాగాను మింగుతున్నవి. బీదవారు ఇల్లు కట్టుకొనవద్దా, ఇసుక తోలుకొనవద్దా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. కాని చెరువు పోయిననాడు ముందుగా జీవనం పోగొట్టుకొనేది వల వేసేవాడు, బట్టలు ఉతికేవాడు, పశువులను తోలుకొని వచ్చేవాడు. వీరిలో ధనవంతుడెవడూ లేడు.

చేయి దాటిన తరువాత రక్షించడం ఎంత కష్టమో కొల్లేరు చెబుతున్నది. దానిని 1999లో అభయారణ్యంగా ప్రకటించినారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో అక్కడి అక్రమ చేపల చెరువుల గట్లను యంత్రాలతో తెగగొట్టవలసి వచ్చినది. ఇందుకు భిన్నంగా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా దూరం నుండి వచ్చే కొంగలు, గూడబాతులు ఊరి చెట్లపైనే గూళ్లు కడతాయి. అవి రావడం ఊరికి శుభమని ప్రజలు నమ్మి కాపాడుకొంటున్నారు. మనకు మరింత చేరువలో అచ్యుతాపురం ప్రాంతంలోని కొండకర్ల ఆవ ఉన్నది. రెండు తాటిబొందలను జతకట్టి చేసిన దోనెలపై జాలరులు అక్కడ తామరల నడుమ తిరుగుతారు. పక్షి, చేప, మనిషి ఒకే నీటిపై బ్రతకడం అక్కడ నేటికీ చూడవచ్చు.

చట్టం మన పక్షాన ఉన్నది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం ప్రతి పౌరుని విధి అంటున్నది. గ్రామపు చెరువులు సమాజం ఉమ్మడి ఆస్తి అనీ, వాటిని కాపాడవలెననీ సుప్రీంకోర్టు 2001లో స్పష్టం చేసినది. నీరు, నేల, చెట్ల రక్షణకు మన రాష్ట్రంలో 2002లో ప్రత్యేక చట్టం వచ్చినది. అయితే చట్టం తనంతట తాను గట్టు మీద నడవదు. ఎవరో చూడవలెను, తేదీతో సహా వ్రాయవలెను, అడగవలెను.

విద్యార్థులకు, కార్యవర్గానికి

అందుచేత ఒక చిన్న అభ్యాసాన్ని సూచిస్తున్నాము. ప్రతి విద్యార్థి తన ఇంటికి దగ్గరలోని ఒక చెరువునో, ఏటి వంపునో, గుట్టనో ఎన్నుకొనవలెను. వారానికొకసారి అక్కడికి నడచి పోవలెను. తేదీ, నీటిమట్టం, కనబడిన పక్షి, పూచిన చెట్టు, కొత్తగా వచ్చిన హద్దురాయి ఒక నోటుపుస్తకంలో వ్రాయవలెను. పేర్లు తెలియకపోతే జాలరులను, పశువుల కాపరులను, ఇంటిలోని వృద్ధులను అడిగి తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసుకొనవలెను. గ్రామపటంలో ఆ చెరువు విస్తీర్ణమెంతో చూచి, నేడు ఉన్నదెంతో అడుగులతో కొలవవలెను. థోరో తాడు కొలతకు ఇది తీసిపోదు.

కళాశాల కార్యవర్గానికి మా విన్నపం ఒక్కటే. ఆ నోటుపుస్తకాలకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించండి. ఖర్చు స్వల్పం. పదేండ్ల తరువాత ఎవరైనా వచ్చి "ఇక్కడ చెరువు ఎప్పుడున్నది?" అని అడిగితే, ఫలానా ఏడు ఫలానా తేదీన ఇంత నీరు ఉన్నదని, ఇన్ని బాతులు దిగినవని చూపడానికి అంతకు మించిన దస్తావేజు ఉండదు.

వచ్చే తొలకరికి మా చెరువులో మిగిలిన నీటి ఒడ్డుకు మేమూ ఒక నోటుపుస్తకంతో పోదలచినాము. గాలం తీసుకొని పోము. జమ్ము పక్కన ఎర్రని గుంపు ఒక్కటి కనబడినా, తేదీ వేసి వ్రాసుకొని వస్తాము.